చుక్కి గొంతులో చెదపురుగు

అనగనగా, మోదుగలు ఇంకా మొగ్గ కూడా తొడగని చలిరోజుల్లో, ఒక అడవిలో జంతువులన్నీ బంతాట ఆడుకునేవి.

ఆ ఆట ఎలాగంటే, బూరుగుదూదిని ఉండ చేసి నారతో చుడితే అది బంతి. ఒకరు విసరాలి. ఒకరు కర్రతో కొట్టాలి. కొట్టినవాళ్ళు పరుగెత్తి ముందు మద్దిచెట్టును తాకాలి, తర్వాత తునికిచెట్టును, ఆ తర్వాత నేరేడుచెట్టును. చివరికి బయలుదేరిన బండ దగ్గరికే తిరిగి రావాలి. ఆ బండ పేరు ఇల్లు. బంతి కంటే ముందు ఇల్లు చేరితే ఒక పరుగు. బంతి ముందొస్తే అవుటు. కొట్టిన బంతిని గాల్లోనే ఆపేసినా అవుటే. ఎంత చిత్రమో చూడండి పిల్లలూ, ఎంత దూరం ఉరికినా ఇంటికొస్తేనే లెక్కట.

చలికాలమంతా ఒక జట్టుతో ఒక జట్టు ఆడుతూ ఉండేవి. మోదుగలు ఎర్రగా విచ్చుకునేసరికి బాగా ఆడిన నాలుగు జట్లు మిగిలేవి. ఆ నాలుగింటిలో రెండు. ఆ రెండింటిలో ఒకటి. ఆ ఒక్కదానికి మోదుగపూల దండ వేసి అడవంతా ఊరేగించేవారు.

ఆడేవాళ్ళు కొందరే. చూసేవాళ్ళు అందరూ. చూసేవాళ్ళకి ఒకటే ఆత్రం, ఎవరు గెలుస్తారు? ఆట అయ్యాక ఎలాగూ తెలుస్తుంది కదా అంటే వినరు. ముందే తెలియాలి.

అలా ముందే చెప్పే పని ఒక గోరింక నెత్తిన వేసుకుంది. గొంతు పెద్దది కాబట్టి దాన్నందరూ దండోరా అనేవారు.

"పొదల జట్టు పని అయిపోయింది. రాసిపెట్టుకోండి," అంది దండోరా. పొదల జట్టు కుందేళ్ళు ఆ రోజే గెలిచాయి.

"జింకల జట్టుకి కాళ్ళున్నాయిగాని గురి లేదు," అంది. జింకలు ఆ వారమంతా గెలిచాయి.

"వాగు జట్టా? అదీ ఒక జట్టేనా?" అంది. వాగు జట్టు కూడా గెలిచింది.

ఇన్ని తప్పినా, మర్నాడు పొద్దున్నే అందరూ మళ్ళీ దండోరా దగ్గరికే వచ్చి, "ఈరోజు ఎవరిది మావా?" అని అడిగేవారు. అదేం విడ్డూరమో మరి.

ఆట జరిగే చోటికి పక్కనే ఒక ఇప్పచెట్టు ఉంది. ఆ చెట్టు బెరడు మీద ఒక బల్లి ఉండేది. దాని పేరు చుక్కి. చుక్కి ఎవరి జోలికీ పోయేది కాదు. దానికున్నది ఒక్కటే స్నేహం, ముళ్ళపంది సూదమ్మతో.

సూదమ్మ దుంపల కోసం చెట్టు మొదట్లో తవ్వుతుంటే, మట్టిలోంచి చెదపురుగులు బయటికొచ్చేవి. దుంపలు సూదమ్మకి, పురుగులు చుక్కికి. తింటూ ఇద్దరూ కబుర్లాడుకునేవారు. చుక్కికి ఒక పాడలవాటు ఉంది, ఆత్రంగా మింగుతుంది. పురుగు గొంతుకి అడ్డం పడి టుక్ టుక్ మని ఎక్కిలి వస్తుంది.

"నిదానంగా తిను. ఎవరూ లాక్కుపోరు," అనేది సూదమ్మ.

ఈ సూదమ్మే వాగు జట్టుకి పెద్ద. ఆ జట్టులో ఒక ఎండ్రకాయ, ఒక తాబేలు, నాలుగైదు కప్పలు. చూసినవాళ్ళందరూ నవ్వే జట్టు. కాని సూదమ్మ వీపు తిప్పి నిలబడిందంటే, గాల్లో వచ్చే దూదిబంతి దాని ముళ్ళకి గుచ్చుకుని ఆగిపోయేది. ఇంకేముంది, అవుటు.

ఒకరోజు చుక్కి పురుగులు తింటోంది. పైకొమ్మ మీద దండోరా అందరినీ పోగేసి, "ఈరోజు కొండ జట్టుదే గెలుపు," అంది. సరిగ్గా అప్పుడే చుక్కి గొంతులో పురుగు అడ్డం పడింది.

టుక్ టుక్ టుక్.

"బల్లి పలికింది. సత్యం," అంది ఒక కుందేలు, నేల మీద వేలితో తడుతూ.

అందరూ నేల తట్టారు. కొండ జట్టు కోతులు గుండెలు విరుచుకుని ఆడాయి. ఎదుటి జట్టు, బల్లే పలికాక ఇంకేం చేస్తాంలే అని కాళ్ళీడ్చింది. కొండ జట్టు గెలిచింది.

రెండోసారీ అలాగే జరిగింది. మూడోసారీ అలాగే జరిగింది.

ఇక చూడాలి చుక్కి వైభోగం. పొద్దున లేచేసరికి చెట్టు కింద వరసగా నిలబడేవారు. ఒట్టి చేతుల్తో రావడం బాగుండదని ఆకుదొప్పల్లో చెదపురుగులు తెచ్చేవారు. "ముందు తినండి తల్లీ, తర్వాత చెబుదురు," అనేవారు. చుక్కి తింటూ ఉండగా తమ జట్టు పేరు చెప్పి చూసేవారు. టుక్ టుక్ మనేది. నేల తట్టి సంతోషంగా వెళ్ళేవారు. నిన్నటిదాకా ఏమే, ఒసే అన్నవాళ్ళు ఇప్పుడు మీరు, తల్లీ అంటున్నారు. దండోరా అయితే సొంతంగా జోస్యం చెప్పడం మానేసి, చుక్కి పలికినదాన్ని అడవంతా చాటింపు వేస్తోంది.

"నాకు నిజంగానే ఏమైనా తెలుస్తోందేమో," అనుకుంది చుక్కి. అనుకోదూ మరి. అడవంతా చేరి నువ్వు గొప్పదానివి అంటుంటే, కాదని తనొక్కతే ఎలా అనుకుంటుంది? పొట్ట గుండ్రంగా అయింది. సూదమ్మ తవ్వే చోటికి దిగి రావడం కూడా మానేసింది.

మోదుగలు పూశాయి. నాలుగు జట్లు మిగిలాయి. అందులో వాగు జట్టు ఒకటి. వాళ్ళకి ఎదురుపడింది జింకల జట్టు. ఆ కప్పల మీద గెలవడానికి బల్లినడగాలా అని జింకలు అడగనే లేదు. మా గురించి అడిగితే నవ్వుతారని కప్పలూ అడగలేదు. ఎవరూ ఏమీ చెప్పలేదు కాబట్టి వాగు జట్టు హాయిగా ఆడింది. గెలిచింది కూడా.

ఇక ఆఖరి ఆట. కొండ జట్టుకీ, వాగు జట్టుకీ.

ముందురోజు పొద్దున కోతుల పెద్ద గెంతులయ్య, తన తలంత దొప్ప నిండా చెదపురుగులు పట్టుకొచ్చాడు.

"కడుపునిండా తినండి తల్లీ. రేపు దండ మా కొండ జట్టుకేనా?"

చుక్కి నోటినిండా కుక్కుకుంది. టుక్ టుక్ టుక్.

"సత్యం," అని గెంతులయ్య ఒక గెంతు గెంతాడు. దండోరా అప్పటికే ఎగిరిపోయి అడవిలో అరుస్తోంది. "కొండ జట్టే. బల్లి పలికింది. దండలు కట్టుకోండి."

ఆ మాట వాగు ఒడ్డుకి చేరింది. ఎండ్రకాయ బొరియలోకి దూరి మట్టి అడ్డం పెట్టుకుంది. తాబేలు తల లోపలికి లాక్కుంది. కప్పలు ఒకదాన్ని చూసి ఒకటి ఏడుస్తూ బెకబెకమన్నాయి.

సాయంత్రం సూదమ్మ ఇప్పచెట్టు దగ్గరికి వచ్చింది. చేతిలో దొప్ప లేదు.

"ఏమే చుక్కీ, నా దగ్గర నువ్వు దాచిందేమీ లేదు. నిజం చెప్పు. మాకేమీ ఆశ లేదా?"

చుక్కికి పొట్ట బరువుగా ఉంది. పలకడానికి నోట్లో పురుగూ లేదు. ఊరుకుంది.

"సరేలే. అర్థమైంది," అంది సూదమ్మ. "మావాళ్ళు రామంటున్నారు. ఓడడానికి అంత దూరం ఎందుకంటున్నారు. నాకా, వయసు మీదపడుతోంది. ముళ్ళు కూడా రాలుతున్నాయి. వచ్చే చలికాలానికి నిలబడి బంతి పట్టగలనో లేదో. ఒక్కసారి ఆఖరి ఆట ఆడదామనుకున్నాను. రేపు పొద్దున వచ్చి, మేం ఆడం అని చెప్పేసి పోతాం."

అలా అని వెనక్కి తిరిగింది. ఎప్పుడూ గలగలమనే ముళ్ళు ఆ రోజు చప్పుడు చెయ్యలేదు.

చుక్కి గెంతులయ్య తెచ్చిన దొప్ప వంక చూసింది. అందులో ఇంకా పురుగులున్నాయి. ఒకటి తీసుకుని, సూదమ్మ చెప్పేది కదా, అలా నిదానంగా నమిలి మింగింది. గొంతు పలకలేదు. ఇంకొకటి గబుక్కున మింగింది.

టుక్ టుక్.

మళ్ళీ నిదానంగా. చప్పుడు లేదు. మళ్ళీ గబుక్కున. టుక్ టుక్.

"ఓసినీ," అనుకుంది చుక్కి. "ఎవరు మేపితే వాళ్ళదే గెలుపన్నమాట. నా జోస్యమంతా నా తిండిపోతుతనమే."

ఇప్పుడేం చెయ్యాలి? నిజం చెబితే రేపటినుంచి దొప్పలు రావు. తల్లీ అన్నవాళ్ళే తన్ని తరుముతారు. చెప్పకపోతే సూదమ్మ ఆడకుండానే ఓడిపోతుంది, అదీ ఒక ఎక్కిలి వల్ల. చుక్కి తోక అటు ఆడించింది, ఇటు ఆడించింది. చివరికి మిగిలిన పురుగుల్ని దొప్పతో సహా కిందికి తోసేసింది.

మర్నాడు పొద్దున అడవంతా చేరింది. తీర్పు చెప్పే ఎలుగుబంటి తాత ఇల్లు అనే బండ పక్కన కూర్చున్నాడు. కోతులు అప్పుడే దండలో పూలు సర్దుకుంటున్నాయి. సూదమ్మ ముందూ, తలలు వంచుకుని కప్పలూ తాబేలూ వెనకా వచ్చారు. ఎండ్రకాయ అయితే అడ్డంగా నడిచి సగం దారికే ఆగిపోయింది.

"తాతా, మేం..." అని సూదమ్మ మొదలుపెట్టింది.

"ఆగక్కా," అంది చుక్కి చెట్టు మీదినుంచి. "ముందు నన్ను చెప్పనీ. అందరూ వినండి. నాకు జోస్యం రాదు. ఎవరు గెలుస్తారో నాకు తెలీదు. ఆత్రంగా తింటే నాకు ఎక్కిలి వస్తుంది, అంతే. మీరు దొప్ప పెట్టి మీ పేరు చెప్పుకున్నారు. నేను తిన్నాను. ఎక్కిలి వచ్చింది. మీరు నేల తట్టారు."

అందరూ నోళ్ళు తెరిచారు.

దండోరా మాత్రం నవ్వింది. "తల్లి వినయం చూడండి. గొప్పవాళ్ళంతా ఇలాగే నాకేం తెలీదంటారు."

"వినయం కాదు మావా, అజీర్తి," అంది చుక్కి. "మళ్ళీ చెబుతున్నాను. నా పలుకులో సత్యం లేదు."

రాత్రి తిన్నదేదో మిగిలి ఉందో, భయానికో, సరిగ్గా ఆ మాట అనగానే గొంతు పట్టుకుంది.

టుక్ టుక్ టుక్.

"సత్యం," అని అడవంతా నేల తట్టింది.

తట్టిన చేతులు తట్టినట్టే ఆగిపోయాయి. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎలుగుబంటి తాత చెవి గోక్కుంటూ, "బల్లి పలికింది కాబట్టి ఆ మాట సత్యం. ఆ మాట సత్యమైతే బల్లి పలుకు సత్యం కాదు. సత్యం కాకపోతే మరి..." అని మొదలుపెట్టి, సగంలో తల పట్టుకున్నాడు.

ముందు సూదమ్మకి నవ్వొచ్చింది. నవ్వుతుంటే ముళ్ళన్నీ గలగలలాడాయి. ఆ చప్పుడు విని కప్పలు నవ్వాయి. తాబేలు తల బయటపెట్టింది. సగం దారిలో ఆగిన ఎండ్రకాయ మళ్ళీ అడ్డంగా నడిచొచ్చింది.

"ఇంక ఆలోచించకు తాతా, తల నొప్పెడుతుంది. ఆట మొదలుపెట్టు," అంది సూదమ్మ.

అబ్బ, ఎంత ఆట జరిగిందనుకున్నారు. ఎవరు గెలుస్తారో ఒక్కరికీ తెలియదు. గెంతులయ్య కొట్టిన బంతి సూదమ్మ వీపుకి గుచ్చుకుంది, అవుటు. కప్ప ఒకటి కోతి కాళ్ళ సందునుంచి దూకి ఇల్లు చేరింది. ఎండ్రకాయ అడ్డంగా విసిరే బంతి ఎటొస్తుందో తెలీక కోతులు గాల్లో కర్రలు ఊపాయి. మధ్యమధ్యలో అందరూ అలవాటుగా చుక్కి వంక చూసేవారు. చుక్కి ఒక ఇప్పాకు కరుచుకుని నోరు గట్టిగా మూసుకుంది, పొరపాటున కూడా పలక్కుండా.

చివరికి ఒకే ఒక్క పరుగు తేడాతో కొండ జట్టు ముందుంది. ఆఖరి వంతు సూదమ్మది, కర్ర దాని చేతిలో ఉంది. బంతి వచ్చింది. కొట్టింది. మద్ది తాకింది, తునికి తాకింది, నేరేడు తాకింది. రొప్పుతూ ఇంటివైపు ఉరికింది. అవతలినుంచి గెంతులయ్య విసిరిన బంతీ బయలుదేరింది. బండ ఇంక ఒక్క అడుగుందనగా సూదమ్మ కాలు జారింది.

బంతి ముందొచ్చింది.

"అవుటు," అన్నాడు ఎలుగుబంటి తాత, మెల్లగా.

కోతులు గెంతులు వేశాయి. దండోరా రెక్కలు కొట్టుకుంటూ, "నేను చెప్పలేదూ? కొండ జట్టే గెలిచింది. బల్లి పలికినట్టే అయింది," అంది.

చుక్కి నోట్లోంచి ఆకు జారిపోయింది. కళ్ళు దించుకుంది.

సూదమ్మ దుమ్ము దులుపుకుని లేచింది. "ఓ దండోరా, ఇలా దిగు. నేను ఓడింది బల్లి పలికినందుకు కాదు, నా కాలు జారినందుకు. ఈ ఓటమి నా సొంతం. పరుగెత్తి తెచ్చుకున్నాను. దీన్ని ఎవరి ఖాతాలోనూ వెయ్యనివ్వను."

గెంతులయ్య అది విన్నాడు. మెడలోని దండ నుంచి ఒక పువ్వు తుంచి తెచ్చి సూదమ్మ ముల్లుకి గుచ్చాడు. "నీ వీపు చూస్తే నాకింకా భయమే పిన్నీ. వచ్చే చలికాలం కూడా రావాలి."

"ముళ్ళుంటే వస్తాను," అంది సూదమ్మ.

ఎండ వాలాక సూదమ్మ మళ్ళీ ఇప్పచెట్టు మొదట్లో తవ్వింది. చుక్కి బెరుకుగా కిందికి దిగింది. చెదపురుగులు బయటికొచ్చాయి. చాలా రోజుల తర్వాత కదా, చుక్కి ఆత్రం ఆపుకోలేక ఒకటి గబుక్కున మింగింది.

టుక్ టుక్ టుక్.

దారినపోతున్న కుందేలు ఆగి, అలవాటుగా నేల తట్టబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

సూదమ్మ దుంప నములుతూ, "నిదానంగా తిను," అంది. "ఎవరూ లాక్కుపోరు."

నీతి: ఎవరో ముందే చెప్పారని ఆట మానుకోకూడదు. గెలుపైనా, ఓటమైనా, ఆడి తెచ్చుకున్నదే మనది.