కడియాల అవ్వ

అనగనగా అనే కథల్లో సాధారణంగా ముందు రాజు వస్తాడు. ఈ కథలో ముందు చేప వస్తుంది. ఎందుకంటే రాజులు చాలామంది వచ్చారు, పోయారు. చేప ఒక్కటే ఉండిపోయింది.

నీలగట్టు రాజ్యంలో, కొండల నడుమ పారే ఏటిలో, ఒక మడుగు ఉండేది. ఆ మడుగులో ఒక ముసలి బొచ్చె చేప ఉండేది. దాని వయసెంతో ఎవరికీ తెలియదు. తాతల్ని అడిగితే, తమ తాతల కాలంలోనే అది ముసలిదని చెప్పేవారు. దాని పొలుసులు ఒక్కొక్కటి తమలపాకంత ఉండేవి. మంచినీళ్లలో అంత కాలం బతికిన చేప ఆ దేశంలో మరొకటి లేదు. అందుకే అందరూ దాన్ని అవ్వ అని పిలిచేవారు.

ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉండేది. పట్టాభిషేకం నాడు కొత్త రాజు మడుగు దగ్గరికి వచ్చేవాడు. బెస్తలు మెత్తని వల వేసి అవ్వను ఒడ్డుకు తెచ్చేవారు. రాజు దాని రెక్కకు ఒక బంగారు కడియం తొడిగి, దాని చెవిలో తన పేరు చెప్పేవాడు. చేపకు చెవి ఎక్కడుంటుందని నన్నడగకండి, పిల్లలూ. ఆ రాజులకూ తెలియదు. మొప్ప దగ్గర నోరు పెట్టి చెప్పేసేవారు. అవ్వ ఉన్నంత కాలం తమ పేరు నిలుస్తుందని వాళ్ల ఆశ. కడియం తొడగనివాణ్ణి జనం రాజుగా ఒప్పుకొనేవారు కారు.

మొదటి రాజు తొడిగిన కడియం వేలి ఉంగరమంత. అతని కొడుకు అంతకంటే పెద్దది చేయించాడు. తండ్రి కడియం కన్నా చిన్నది తొడిగితే, తండ్రి కన్నా చిన్నవాడని జనం అనుకోరూ? మనవడు ఇంకా పెద్దది చేయించాడు. ఇలా తరతరానికీ కడియం లావెక్కుతూ పోయింది. రెక్కల దగ్గర చోటు చాలక, తోక మొదట తొడగడం మొదలుపెట్టారు. అవ్వ కదిలితే నీళ్ల అడుగున బంగారం మెరిసేది. ఒడ్డున జనం చేతులెత్తి మొక్కేవారు. "ఎంత వైభోగం! ఎంత అదృష్టం!" అనుకుంటూ ఇళ్లకు పోయేవారు.

ఆ వైభోగంతో అవ్వ అలసిపోయింది. ఒకప్పుడు మడుగంతా ఊరికే చుట్టి వచ్చేది. ఇప్పుడు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు పోవాలన్నా ముందుగా ఓపిక కూడదీసుకోవాలి. కడియాలు ఒరుసుకొని ఒళ్లు పచ్చిపుండయింది.

అంతకన్నా పెద్ద కష్టం ఇంకొకటుంది. ఎండాకాలంలో ఆ మడుగు ఇంకిపోయేది. అప్పుడు చేపలన్నీ ఒక రాతి సందు గుండా దిగువనున్న లోతు నీళ్లలోకి దిగిపోయేవి. అవ్వ కూడా ఎన్నో ఏళ్లు అలాగే వెళ్లివచ్చింది. ఇప్పుడున్న రాజు తోకకు పెద్ద కడియం తొడిగిన నాటి నుంచి అవ్వ ఆ సందులో పట్టడం లేదు. కిందటి ఎండాకాలం బురదలో ఒక పక్కకు ఒరిగి, వాన కోసం చూస్తూ చూస్తూ, ఎలాగో గట్టెక్కింది. ఈ ఏడు వానలు సరిగా పడలేదు. మాఘమాసానికే మడుగు సగమైంది. ఈసారి సందు దాటకపోతే చావు తప్పదని అవ్వకు తెలుసు.

ఆ రోజుల్లో రాజవైద్యుడు కేశవభట్టు మడుగు దగ్గరికి వచ్చాడు.

"అవ్వా, రాజుగారికి ఒంట్లో బాగాలేదు. ఇన్నేళ్లు బతకడానికి నువ్వేం తింటావో చెప్పు."

"నాచు తింటాను నాయనా. దొరక్కపోతే బురదే. అది సరే గాని, నా తోక కడియం తీయించి పుణ్యం కట్టుకుంటావా? ఎండాకాలం వచ్చేస్తోంది."

వైద్యుడి చెవికి నాచు అన్నంత వరకే ఎక్కింది. కుండెడు నాచు పట్టుకుపోయి, తేనెతో నూరి రాజుకు తినిపించాడు. రాజుగారు ఆ మందును తిట్టుకుంటూ కొన్నాళ్లు తిని, తిట్టుకుంటూనే కన్నుమూశారు.

తర్వాత ముత్యాల వర్తకుడు పేరిశెట్టి వచ్చాడు.

"అవ్వా, నీ ఆయుష్షంత కాలం నా వంశం వర్ధిల్లాలని దీవించు."

"దీవిస్తాను నాయనా, దానికేం. కానీ ఈ కడియాలతో నాకు చాలా ఇబ్బందిగా ఉంది."

"అయ్యో అవ్వా, ఆ మాత్రం అర్థం చేసుకోలేనా? వట్టి బంగారం, బోసిగా ఉందంటావు. అంతేగా?"

పేరిశెట్టి మురిసిపోతూ అవ్వ కడియాలన్నిటికీ ముత్యాల కుచ్చులు కట్టించాడు. వాదించడానికి కూడా ఓపిక ఉండాలి. అవ్వ కుచ్చులతో సహా అడుగుకు దిగి, రాళ్ల మీద పడుకుంది. నాకైతే ఆ పేరిశెట్టిని నీళ్లలోకి ఒక్క తోపు తోయాలనిపిస్తుంది.

ఎండలు ముదిరాయి. మడుగులో నీళ్లు మోకాలి లోతుకు వచ్చాయి. మిగతా చేపలన్నీ సందు దాటి వెళ్లిపోయాయి.

చనిపోయిన రాజుకు కొడుకులు లేరు. ఒక్కతే కూతురు. ఆమెకు పట్టం కట్టారు. తెల్లవారకముందే లేపి నగలన్నీ పెట్టారు. ఎవరో ముత్తాత తలకు చేయించిన కిరీటం వదులైతే, లోపల గుడ్డలు కుక్కి మరీ తలకెక్కించారు. మధ్యాహ్నానికి ఆమె మెడ పట్టేసింది. అప్పుడు మడుగు దగ్గరికి తీసుకువచ్చారు. కొత్త కడియాన్ని ఇద్దరు మనుషులు పళ్లెంలో మోసుకొచ్చారు.

ఈసారి వలతో పని లేకపోయింది. బెస్తలు నీళ్లలోకి నడిచి వెళ్లి, తడిగుడ్డలో అవ్వను ఎత్తుకొచ్చారు. అవ్వ కొట్టుకోలేదు. రాణి వంగి చూసింది. కడియాల కింద పుండ్లు కనిపించాయి. తెలియకుండానే ఆమె చెయ్యి తన మెడ మీదికి పోయింది.

"అవ్వా, చాలా బరువుగా ఉందా?" అని అడిగింది.

అడిగింది తననేనా అని అవ్వ ఒకసారి చూసింది.

"చాలా బరువమ్మా. ఇక మొయ్యలేను. ఇవి ఉంటే సందు దాటలేను. దాటకపోతే బతకను."

"కంసాలిని పిలవండి. రంపం తెమ్మనండి," అంది రాణి.

మంత్రి కొమ్మన గబగబా దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"అమ్మా, అపచారం! ఇవి మీ తాతముత్తాతల కడియాలు. తీసేస్తే వాళ్ల పేర్లు పోతాయి. కొత్తది తొడగకపోతే జనం మిమ్మల్ని రాణి అనరు. మీ బాబాయిగారబ్బాయి ఆ గుంపులోనే కాచుకొని ఉన్నాడు. ముందు తొడిగేయండి. బరువు సంగతి తర్వాత చూద్దాం."

"తర్వాత అంటే ఎప్పుడు మంత్రిగారూ? నీళ్లు చూశారా?"

రాణికి భయం వేయలేదని చెప్పను. గుంపులో గుసగుసలు ఆమెకు వినిపిస్తూనే ఉన్నాయి. అయినా ఆమె తడిగుడ్డ కొస పట్టుకొని నేల మీదే కూర్చుంది.

"నేనూ ఒకటి తొడిగితే ఈ అవ్వ చచ్చిపోతుంది. దీన్ని చంపుకొని ఏలే రాజ్యం నాకు వద్దు. కొయ్యండి."

కంసాలి కోశాడు. ముత్యాల కుచ్చులు పోయాయి. తోక కడియాలు పోయాయి. రెక్కల కడియాలు పోయాయి. చివరికి మొదటి రాజు తొడిగిన చిన్న కడియం కూడా ఊడి వచ్చింది.

బాబాయి కొడుకు ముందుకు దూసుకొచ్చాడు.

"చూశారా! మన రాజుల పేర్లన్నీ నీటిపాలు చేసింది. ఈవిడా మనకు రాణి?"

అవ్వ తడిగుడ్డలోంచి తలెత్తింది.

"ఏ పేర్లు నాయనా? వచ్చిన ప్రతి రాజూ చెప్పాడు. ఒక్కటీ గుర్తులేదు. ఏ కడియం ఎక్కడ ఒరుసుకుందో, అవి మాత్రం అన్నీ గుర్తున్నాయి."

బాబాయి కొడుకు గుంపులోకి వెనక్కి తగ్గాడు. అవ్వ రాణి వైపు చూసింది.

"నీ పేరేమిటమ్మా?"

పాపం, ఆ హడావిడిలో రాణి తన పేరు చెప్పడమే మరిచిపోయింది.

"వకుళ," అంది.

"వకుళ," అని అవ్వ మెల్లగా పలికి చూసుకుంది. "ఇది గుర్తుంటుంది."

రాణి తానే నీళ్లలోకి దిగి అవ్వను వదిలింది. అవ్వ కాసేపు కదలలేదు. బరువు లేకుండా ఈదడం ఎలాగో మరిచిపోయినట్టుంది. తర్వాత నెమ్మదిగా తోక ఆడించి, రాతి సందులోకి దూరి, లోతు నీళ్లలోకి వెళ్లిపోయింది. ఒడ్డున ఒక ముసలి బెస్తామె రెండు చేతులూ జోడించి, "వకుళమ్మే మా రాణి," అంది. ఆ మాట పక్కవాళ్లు అందుకున్నారు. వాళ్ల నుంచి అందరూ అందుకున్నారు.

మళ్లీ అమావాస్య రాకముందే మడుగు పూర్తిగా ఎండి, నేల నెర్రెలిచ్చింది. ఆచారం ప్రకారం చేసి ఉంటే అవ్వ ఆ నెర్రెల మీద, ఒంటినిండా బంగారంతో, చచ్చి పడి ఉండేది. అటుగా వెళ్లినవాళ్లు అది తలుచుకొని తలలు దించుకునేవారు. ఆ తర్వాత ఆ దేశంలో ఏ చేపకూ ఎవరూ కడియం తొడగలేదు.

పెద్దవాళ్లకు మనం చేసే మర్యాద వాళ్లకు బరువు కాకూడదు. ఇన్నేళ్లు ఎలా బతికారని అడిగే ముందు, ఇప్పుడు ఎలా ఉన్నారని అడగాలి.