ముందెవరికి గుండు?

ఒక పక్క ఏరు, ఒక పక్క టేకు అడవి ఉన్న ఒకానొక చిన్న రాజ్యాన్ని పూర్వం ప్రచండదేవుడనే రాజు ఏలేవాడు. ఆయనకు తన తెలివి మీద మహా గురి. తాను ఏ మాటన్నా అది రాతి మీద చెక్కించదగ్గదే అనుకునేవాడు. చెక్కించేవాడు కూడా.

ఒక ఏడు ఆయనకు కొత్త దిగులు పట్టుకుంది. పొరుగు రాజ్యంలో రైతులు పెంకుటిళ్లు కట్టుకుంటుంటే తన రాజ్యంలో ఇంకా పూరిపాకలే. తన ప్రజలు ఎందుకు పైకి రావడం లేదు? నాలుగు రోజులు ఆలోచించి, ఐదో రోజు సభలో తేల్చి చెప్పాడు.

"మా ప్రజలకు మూడు రోగాలున్నాయి. చేయాల్సిన పని వాయిదా వేస్తారు. చేయనందుకు ఇంకొకరి మీద నెపం పెడతారు. చేద్దామంటే నలుగురూ నవ్వుతారని జంకుతారు. ఈ మూడూ వదిలించుకున్నవాడు బాగుపడక తప్పదు!"

సభ చప్పట్లు కొట్టింది. ఆ మాటలు ఊరూరా రాతి పలకల మీదికెక్కాయి. వాటి కింద ఇంకో వాక్యం కూడా చెక్కారు: ఈ రోగాలున్నవాడు ఎవడైనా సరే, గుండు గీయించి గాడిద మీద ఊరేగిస్తాం.

ఆ ఏడు వానలు మొదలైన వారానికే రేవులో ఏరు దాటించే పడవ మునిగింది. ఏడుగురు పోయారు. పడవ నడిపే పోలయ్య ఎలాగో ఒడ్డుకు కొట్టుకొచ్చి బతికాడు. చిల్లుల్లోంచి ఊరే నీళ్లను కుండతో తోడిపోస్తూ రోజూ పడవలోనే ఉండే అతని భార్య నూకమ్మ బతకలేదు.

మూడో రోజున భటులు వచ్చి పోలయ్యను సభకు పట్టుకుపోయారు.

"పడవ అడుగు పుచ్చిపోయిందని నీకు తెలుసా?" అని రాజు గద్దించాడు.

"తెలుసు ప్రభూ. నాలుగేళ్లుగా తెలుసు."

"మరెందుకు బాగుచేయలేదు?"

పోలయ్య రాజు వంక ఒకసారి చూశాడు. తలవంచుకుని నేల చూస్తూ నిలబడిపోయాడు.

అప్పుడు మాచన లేచాడు. అతను ఆ కొలువులో విదూషకుడు. రాజు ముఖం చిన్నబోయినప్పుడల్లా నవ్వించడం అతని పని.

"ప్రభూ, ఇతని గుడిసెలో నాలుగు తాటాకులు దొరికాయి. పడవ ఎందుకు బాగుపడలేదో ఏ యేటి కారణం ఆ యేడు వాటిలో రాసి ఉంది. చదవమంటారా?"

"చదువు."

"మొదటి ఏడు: 'ఇప్పుడు గ్రహస్థితి బాగాలేదు. పై ఏడు చూద్దాం.'"

"విన్నారా! వాయిదా!" రాజు సింహాసనం మీద ముందుకు జరిగాడు.

"రెండో ఏడు: 'ఇందులో మా తప్పు లేదు. ముందున్నవాళ్లు సరిగ్గా చూసుకుని ఉంటే ఈ అవస్థ వచ్చేదే కాదు.'"

"నెపం!"

"మూడో ఏడు: 'కొత్తగా బాగుచేయించాక అదీ మునిగితే నలుగురూ నవ్వరా?'"

"జంకు! మూడు రోగాలూ ఒక్కడిలోనే! నాలుగో ఏడు ఏమన్నాడు?"

"నాలుగో ఏడు ఒకటే మాట ప్రభూ. 'చూద్దాం.'"

"సిగ్గులేని మనిషి! ఏడుగురిని ముంచింది ఏరు కాదు, వీడి బుద్ధి. మంగలిని పిలవండి!"

"ముందే పిలిపించాను ప్రభూ. గుమ్మం దగ్గరే ఉన్నాడు. కానీ ముందెవరికి గుండు గీయాలో తెలియక కత్తి నూరుకుంటూ కూర్చున్నాడు."

"తెలియకపోవడమేమిటి?"

మాచన ముందుకొచ్చి తాటాకులు రాజు చేతిలో పెట్టాడు. "పోలయ్యకు చదువు రాదు, రాయడమూ రాదు. అడవిలో తమ అనుమతి లేకుండా చెట్టు కొడితే చెయ్యి నరికిస్తారు కదా? అందుకని, పడవకు కొత్త అడుగు వేసుకోవడానికి ఒక్క టేకు మాను ఇప్పించమని ఏటా విన్నవించుకున్నాడు. ఇవి అతనికి వచ్చిన జవాబులు. కింద ముద్ర చూడండి."

నాలుగు ఆకుల మీదా రాజముద్రే ఉంది.

బయట సానరాయి మీద కత్తి గీస్తున్న చప్పుడు లోపలికి స్పష్టంగా వినిపిస్తోంది. రాజు ముద్రల వంక చూశాడు, మాచన వంక చూశాడు, ఒకసారి తన జుట్టు తడుముకున్నాడు. ఆ తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. ముందు మీసాల్లో, ఆ పైన పొట్ట పట్టుకుని. రాజు నవ్వాడు కాబట్టి సభంతా నవ్వింది.

"మాచనా! మా తలనే కత్తి కిందికి తెచ్చావు కదయ్యా! ఇంత చమత్కారం మేమెక్కడా వినలేదు!"

అక్కడికక్కడే తన చేతి కంకణం తీసి అతనికి తొడిగాడు. పోలయ్యను వదిలేయమన్నాడు. టేకు మాను ఆ రోజే కొట్టుకోవచ్చన్నాడు. మర్నాటి నుంచి శిల్పులు ఊరూరా తిరిగి పలకల మీద గుండు, గాడిద ఉన్న చివరి వాక్యాన్ని ఉలితో చెక్కి తీసేశారు. పైన మూడు రోగాల సంగతి మాత్రం అలాగే ఉంచారు.

సభలో నవ్వనివాడు పోలయ్య ఒక్కడే. కోట గుమ్మం దాటుతుండగా మాచన వెనక నుంచి వచ్చి, కంకణం అతని చేతిలో పెట్టబోయాడు. పోలయ్య చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"అయ్యా, ఒక మాట అడగనా?"

"అడుగు."

"నాలుగేళ్లూ నేను ఈ సభకు వచ్చాను. నాలుగుసార్లూ మీరు అక్కడే ఉన్నారు. ఈ మాటేదో అప్పుడే అని ఉంటే నా నూకమ్మ ఉండేది కదయ్యా?"

మాచన చేతిలోని కంకణాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"సమయం చూసి చెబుదామనుకున్నాను, పోలయ్యా," అన్నాడు చివరికి.

పోలయ్య మెల్లగా తల ఊపి, అడవి దారి పట్టాడు. మాచన కంకణాన్ని కోట గుమ్మంలోని భటుడి చేతిలో పెట్టి అతని వెనకే నడిచాడు. పొద్దు వాలేదాకా ఇద్దరూ రంపం చెరో కొస పట్టుకుని మాను కోశారు.