కోసిన చోట కొంగ

నల్లగుట్ట అడుగున ఒక గుహ. ఆ గుహ కప్పుకి ఒక కంత. మధ్యాహ్నం తిరిగాక సూర్యుడు సరిగ్గా ఆ కంతకి ఎదురుగా వచ్చి, రెండు గడియల సేపు లోపలి గోడ మీద తెల్లటి వెలుగు పరిచి పోతాడు. మిగతా పొద్దంతా లోపల చీకటే. ఆ రెండు గడియల కోసం సగం అడవి తిండి ముందే ముగించుకుని గుహలో చేరేది. అక్కడ సూదయ్య ఆకుబొమ్మలాట ఆడేవాడు మరి.

సూదయ్య ఏదుపంది. వయసు మీద పడింది గానీ ముళ్ళు మెత్తబడలేదు. ఎండిన టేకాకుల్ని తన ముళ్ళతోనే కోసి, పొడిచి, బొమ్మలు చేసి, కంతకీ గోడకీ మధ్య పట్టుకుని ఆడించేవాడు. గోడ మీద నీడలు నడిచేవి, తిట్టుకునేవి, జారిపడేవి. గోరి అనే గోరువంక పక్క రాతి మీద కూర్చుని అందరి గొంతులూ తనే పలికేది. చూసేవాళ్ళు పొట్టలు పట్టుకునేవారు. సూదయ్య మాత్రం నవ్వేవాడు కాదు. ఎలుక మీసం వెంట్రుకవాసి పొడుగొచ్చినా ఆకు చించి మళ్ళీ మొదలుపెట్టే రకం.

ఆ రోజు కొత్త ఆట కట్టాడు. మడుగు గట్టున ఒంటికాలి మీద ఒక కొంగ. చుట్టూ దణ్ణాలు పెట్టే కప్పలు. "ఏకాదశి నాడు లోతు వదిలి గట్టెక్కండి నాయనా, మోక్షం నేనిస్తాను" అంటుంది కొంగ. కప్పలు ఒక్కొక్కటే వస్తాయి. ఒక్కటీ తిరిగి పోదు. ప్రతిసారీ కొంగ కళ్ళు మూసుకుని, "ఇంకో జీవుడు తరించాడు... తరవాత ఎవరు?" అంటుంది. గోరి గొంతులో ఆ మాట వినేసరికి గుహ దద్దరిల్లిపోయింది.

పేరు ఎవరిదీ చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా. మడుగు దగ్గర నిజంగానే ఒక కొంగ ఉన్నాడు. మూడు వానల కిందట వట్టి కొంగ. ఇప్పుడు ఒంటికాలి స్వామి.

ఆట అయ్యాక అందరూ వెళ్ళిపోయినా ఒక ముసలి కప్ప కదల్లేదు.

"సూదన్నా, మా ఆయన కిందటి ఏకాదశికి గట్టుకి పోయాడు. తరించాడని చెప్పారు. నీ బొమ్మలో కొంగ గొంతులో ఏదో ఉందని పక్కవాళ్ళు అనుకుంటున్నారు. నాకేం ఆనలేదు. కొంగ నలుపే, గొంతులోదీ నలుపే."

"చుట్టూ చుక్కలు పొడిచాను కదమ్మా, కప్ప ఆకారం."

"చుక్కలు కనబడ్డాయి. కప్ప కనబడలేదు. రేపే ఏకాదశి. సాయంత్రం మా పిల్లలు పోతామంటున్నారు. నా మాట వినరు."

సూదయ్యకి ఆ మాట మాంసంలో ముల్లు దిగినట్టయింది. ముప్ఫై వానలుగా బొమ్మలు కోస్తున్నాడు. చూసినవాళ్ళకి బోధపడలేదన్న మాట ఎన్నడూ పడలేదు.

ఇంతలో గుహ వాకిట్లో దగ్గు వినబడింది. గుంటయ్య అనే నక్క. స్వామికి పెద్ద శిష్యుడు. వాడి వెనక అడవిపంది ఒకటి, గుండ్రటి బండరాయిని ముట్టెతో దొర్లిస్తూ.

"బాబాయ్, మేం మనోభావాల సంఘం నుంచి వచ్చాం. నీ ఆట వల్ల స్వామివారి మనోభావాలు దెబ్బతిన్నాయి."

"అయ్యో. ఎక్కడ తగిలిందో చూపించు, పసరు పూస్తాను."

"వేళాకోళాలొద్దు."

"ఆటలో స్వామి పేరుందా?"

"లేదు."

"స్వామి వచ్చి ఆట చూశారా?"

"అలాంటివి ఆయన చూడరు."

"పేరూ లేక, చూడనూ లేక, అది తనేనని ఆయనకెలా తెలిసింది రా? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం దేనికి?"

నక్క నవ్వలేదు. "భుజం సంగతి తరవాత. ఈ బండ చూశావుగా? మీ గుహ కంతకి సరిగ్గా సరిపోతుంది, కొలిచి తెచ్చాం. రేపటి ఆటలో ఆ కొంగ బొమ్మ కనబడిందో, కంత మూసేస్తాం. వెలుగూ ఉండదు, ఆటా ఉండదు. అలాగని ఆట మానేసినా ఊరుకోం. స్వామికి భయపడి మానేశాడంటారు జనం, అది ఇంకా అప్రతిష్ఠ. ఆట ఆడాలి. కొంగ ఉండకూడదు."

వాళ్ళు వెళ్ళారు. సూదయ్య కాలుగాలిన పిల్లిలా గుహంతా తిరిగాడు. కూర్చుంటాడు, లేస్తాడు. గోడ దగ్గరికి పోతాడు, కంత కిందికి వస్తాడు. ముళ్ళు గలగలలాడుతూనే ఉన్నాయి. గోరి వాడి వెనకే ఎగురుతూ వచ్చింది.

"తాతా, తిక్క మానుకో. నీ దగ్గర నలభై ఆటలున్నాయి. రేపు తోడేలు పెళ్ళి ఆడేద్దాం."

"ఆ ముసలిదానితో ఏం చెప్పమంటావు? తోడేలు పెళ్ళి చూసి పిల్లల్ని గట్టుకి పంపమనా?"

"ఓహో, కప్పల మీద ఇంత ప్రేమ ఎప్పట్నుంచి? అడిగానని కోప్పడకు. ఈ బొమ్మ కోసింది కప్పల కోసమా, పగ కోసమా?"

సూదయ్య ఆగాడు. మూలన రాతి సందులోంచి ఒక పాత ముల్లు లాగి దాని ముందు పడేశాడు.

"మూడు వానల కిందట ఈ గుహ వాకిట్లోనే ఆ కొంగగాడన్నాడు, 'ఒళ్ళంతా ముళ్ళున్నవాడికి చేతిలో కళ ఎక్కడిది' అని. ఆ రోజు నా ఒంట్లోంచి రాలిన ముల్లు ఇది. దాచుకున్నాను. ఆ కొంగని కోసింది దీంతోనే. పగ ఉంది. ఉంటే? పగతో గీస్తే గీత అబద్ధమవుతుందా? వాడు కప్పల్ని తింటున్నాడా లేదా?"

"తింటున్నాడు."

"మరి నోర్మూసుకో పిట్టా."

తెల్లారాక కూడా అదే తిరుగుడు. మేత ముట్టలేదు. పొద్దు పైకెక్కుతుంటే బొమ్మ ఉన్న ఆకుని గుహ వాకిట ఎండకి ఎత్తి పట్టుకుని చూశాడు. కొంగ చుట్టూ సన్నటి గీత తప్ప ఆకంతా నల్లగా ఉంది. కప్ప చుట్టూ పొడిచిన చుక్కల్లోంచి మాత్రం వెలుగు సన్నగా వాడి ముంజేతి మీద పడింది. సూదయ్య చెయ్యి ఇటూ అటూ తిప్పాడు. ముళ్ళ గలగల ఆగిపోయింది.

"పిట్టా, ఆ నక్కని పిలుచుకురా. వాడి మాట వింటానని చెప్పు."

గుంటయ్య తోక ఊపుకుంటూ వచ్చాడు. "పెద్దవాడివి బాబాయ్, దారికొచ్చావు."

"కోస్తాను. ఎంత కోయాలో నువ్వే దగ్గరుండి చెప్పు. తరవాత మాట పడలేను."

"కొంగ మొత్తం. ముక్కు కొస నుంచి గోటి కొస దాకా. గీత వెంబడే కోయి, ఒక్క ఈక మిగలకూడదు."

"గీత వెంబడేనా? ఆకు చింపి అవతల పారేస్తే పోలా?"

"చింపితే ఆట పాడైంది మా వల్లేనంటారు. మడుగుండాలి, గట్టుండాలి, దణ్ణాలు పెట్టే కప్పలుండాలి. స్వామి ఒక్కడే ఉండకూడదు. నీట్‌గా కోయి."

"గొంతులో కప్ప ఉంది. దాన్నేం చేయమంటావు?"

"కప్పతో మాకేం పని? కప్పలకి మనోభావాలేమిటి, ఉండనీ."

"ఈ మాట గోరి విన్నది సుమా."

"వినడమే. పలకకూడదు. ఇవాళ దాని నోరు కూడా మూతే."

సూదయ్య ఆ పాత ముల్లు తీశాడు. గీత వెంబడే కోశాడు. ముక్కు, మెడ వంపు, మూసిన కన్ను, ఒంటికాలు, మూడు వేళ్ళు. గొంతు దగ్గరికొచ్చేసరికి కప్ప చుట్టూ చుక్కల వెంబడి తిరిగి, అది రాలిపోకుండా సన్నటి ఈనె ఒకటి వదిలాడు. ఆకులోంచి కొంగ ఊడి కింద పడింది. నక్క ఆ ముక్కని నోట కరుచుకుని స్వామికి చూపించడానికి పరిగెత్తాడు.

ఆ మధ్యాహ్నం గుహలో కాలు పెట్టే చోటు లేదు. కోత పెట్టారని తెలిసి, ఎన్నడూ రానివాళ్ళూ వచ్చారు. తన గెలుపు కళ్ళారా చూసుకోవాలని ఒంటికాలి స్వామి కూడా వేంచేశాడు. దారిలో మడుగు గట్టున ఒక్క క్షణం ఆగి మరీ వచ్చాడు. ముందు వరసలో ఒంటికాలి మీద నిలబడి కళ్ళు మూసుకున్నాడు. ముసలి కప్ప పిల్లలతో వెనక కూర్చుంది.

సూర్యుడు కంతకి ఎదురొచ్చాడు. సూదయ్య ఆకు ఎత్తాడు.

గోడ మీద మడుగు నల్లన, గట్టు నల్లన, కప్పలు నల్లన. నడిమధ్య, కోసిన కంతలోంచి వెలుగు పోటెత్తి, నిలువెత్తు కొంగ ధగధగా నిలబడింది. నిన్న నీడల్లో కలిసిపోయిన కొంగ ఇవాళ గుహంతటికీ దీపంలా ఉంది. ఆ తెల్లటి గొంతు మధ్యలో కాళ్ళు చాచి, నోరు తెరిచి, నల్లగా ఒక కప్ప.

గోరి నోరు మెదపలేదు. వెనక నుంచి ఒక పిల్లకప్ప గొంతు వినబడింది.

"అమ్మా, గొంతులో ఉంది నాన్నే కదూ?"

స్వామి కళ్ళు తెరిచాడు.

"ఆపండి! మూయండి! ఆ వెలుగు ఆపండి!" అంటూ రెక్కలు విప్పి వెలుగుకి అడ్డం దూకాడు.

"స్వామీ, అక్కడ నిలబడకండి!" అని నక్క అరిచాడు. ఆలస్యమైపోయింది. స్వామి నీడ ఆ వెలుగు కొంగ పక్కనే గోడ మీద పడింది. పొడుగాటి ముక్కు, పొడుగాటి మెడ. ఆ మెడ మధ్యలో ఇందాక మింగినదేదో ఇంకా దిగక, గుండ్రంగా, మెల్లగా కదులుతోంది.

ముందు నవ్వింది కుందేలు. తరవాత జింకలు. చివరికి బండ దొర్లించిన అడవిపందే నేల మీద పడి దొర్లింది. కప్పలు మాత్రం నవ్వలేదు. పిల్లల్ని వీపుల మీదెక్కించుకుని, గట్టు వైపు చూడకుండా, నేరుగా మడుగు లోతుకి పోయాయి. ఆ సాయంత్రం స్వామి గట్టు మీద ఒంటికాలి మీదే నిలబడ్డాడు. ఒక్క జీవుడూ తరించడానికి రాలేదు.

మర్నాడు పొద్దున్నే గుంటయ్య గుహకి వచ్చాడు. వాడి నోట్లో ఆ కోసిన ఆకుముక్క, అంచులు నలిగి.

"బాబాయ్, పొరపాటైపోయింది. స్వామివారు కబురు పంపారు. దీన్ని మళ్ళీ ఆకులో కోసిన చోట అతికించెయ్. నిన్నటి కంటే మొన్నటి బొమ్మే నయం."

సూదయ్య ముక్కని అందుకున్నాడు. వెలుగుకి ఎత్తి, అంచు చూసి, పెదవి విరిచాడు.

"గీత వెంబడే కోశాను. ఒక్క ఈక మిగల్లేదు. నువ్వు దగ్గరుండి చెప్పినట్టే చేశాను."

"అది సరే బాబాయ్, అతికిస్తావా లేదా?"

"కోసిన ఆకు అతకదురా. వెళ్ళి చెప్పు. ఒళ్ళంతా ముళ్ళున్నవాడికి అంత కళ లేదని చెప్పు."

నీతి: మాటకి కోత పెట్టినవాడు, ఆ కోతలోంచే తన బండారం పదిమందికీ చూపించుకుంటాడు.