తవిటమ్మ వదిలిన మూల

ముందే చెబుతున్నాను, ఈ కథలో ఏది ముందు జరిగిందో ఏది తరువాత జరిగిందో నేను తారుమారు చేసినా చేస్తాను. ఈ మధ్య పొయ్యి మీద పాలు పెట్టానో లేదో కూడా లేచి చూసుకోవలసి వస్తోంది. అందుకే, గుర్తున్నంత మట్టుకు కాగితం మీద పెడుతున్నాను. ఇది మా అమ్మమ్మ చెప్పగా విన్నాను. ఆవిడ వాళ్ళ అమ్మమ్మ దగ్గర విన్నది.

ఇక వినండి. గెడ్డలో నడివేసవిలో కూడా నీళ్ళు పారే రోజుల్లో, మన ముత్తాతల ముత్తాతలకి ఇంకా పాలపళ్ళు కూడా రాని రోజుల్లో, గెడ్డకి అవతలి ఒడ్డున ఒక ఊరు ఉండేది. ఆ ఊరికి ఒక విత్తనాల గది. ఆ గదికి ఒక పిల్లి. ఆ పిల్లికి నుదుట ఒక తెల్లచుక్క. దాని పేరు చుక్కి.

ఊరందరి విత్తనాలూ ఆ ఒక్క గదిలోనే ఉండేవి. కందులు ఒక వరస, పెసలు ఒక వరస, ఉలవలు ఒక వరస, కుండలకి కుండలు. ఆ గది అచ్చియ్యమ్మ ఇంట్లో ఉండేది. అచ్చియ్యమ్మకి మొగుడు పోయాడు. బిడ్డలు లేరు. చుక్కి ఉంది. తాను తినే పళ్ళెంలోనే ఒక పక్క దానికి పెట్టేది. అది తినకపోతే తనూ తినేది కాదు.

ఆ ఊళ్ళోనే ________ తవిటమ్మ అని ఒకామె ఉండేది. తవిటమ్మ పని బూడిద ఎత్తడం. తెల్లారితే గంప నెత్తిన పెట్టుకుని "బూడిదమ్మా, బూడిద" అంటూ ఇల్లిల్లూ తిరిగేది. పొయ్యిల్లో బూడిద ఎత్తుకుపోయి జల్లెడ పట్టేది. మెత్తటిది అంట్లు తోముకోవడానికి, బరకది కూరపాదులకి. ఆమె చేతుల మీద బూడిద, జుట్టులో బూడిద, కనురెప్పల మీద బూడిద. ఆమెని ఎవరూ గడప దాటి లోపలికి రమ్మనేవారు కాదు. ఆమె కూడా వచ్చేది కాదు.

ఎండలు ముదిరాక మాత్రం అచ్చియ్యమ్మ పెరట్లో ఆమెకి పెద్ద పని ఉండేది. పురుగు పట్టకుండా విత్తనాలకి బూడిద కలిపి, కుండల్లో పోసి, మూతులకి మట్టి మెత్తేవారు. అందుకోసం ఊరి బూడిదంతా అచ్చియ్యమ్మ పెరట్లో ఒక గుంటలో పోగు చేసేవారు. ఆ గుంట మెత్తగా, చల్లగా ఉండేది. చుక్కి ఎప్పుడూ అక్కడికే పోయేది. గోళ్ళతో చిన్న గొయ్యి తవ్వుకుని, పని కానిచ్చుకుని, బూడిద కప్పేసి, ఏమీ ఎరగనట్టు వచ్చి కూర్చునేది.

నేను చెప్పబోయే ఏటికి ముందటి ఏడాది, ఉలవల కుండలోంచి చుక్కి తాలూకు ఉండ ఒకటి బయటపడింది. ఊరంతా తవిటమ్మని ఆడిపోసుకుంది. "జల్లెడ పట్టావా, కళ్ళు మూసుకున్నావా?" అన్నారు. పాపం, ఆ మాట ఆమెకి ముల్లులా దిగింది. అందుకే ఈ ఏడు గుంట మొత్తం మీద రేగుకంప కప్పేసింది. నాలుగు పక్కలా కప్పింది. చీమ దూరే సందు కూడా ఉంచలేదు.

ఆ ఏడే ఎలకల బెడద ఎక్కువైంది. చుక్కి ఒక్క రోజులో మూడు ఎలకల్ని పట్టింది. ఊరు మురిసిపోయింది. తూర్పు వీధివాళ్ళు ఎండు నెత్తళ్ళు తెచ్చారు. పడమటి వీధివాళ్ళు ఎండు రొయ్యలు తెచ్చారు. నడి వీధివాళ్ళు ఉప్పుచేప తెచ్చారు. పెట్టినవాళ్ళకి పెట్టినంత. నీళ్ళు పెట్టాలని మాత్రం ఒక్కరికీ తోచలేదు. నాలుగు రోజులకి చుక్కి పొట్ట ఉబ్బింది.

ఇదీ వరస. మూడు రోజులు, మూడు మాటలు.

మొదటి రోజు, చుక్కి పళ్ళెం దగ్గరికి వచ్చి, వాసన చూసి, తిరిగి వెళ్ళిపోయింది.

"ఓలమ్మా, నా తల్లికి ఏటైపోయిందే!" అని అచ్చియ్యమ్మ నూకాలుకి కబురు పెట్టింది. నూకాలు ఆ ఊరి మంత్రసాని. ఊళ్ళో సగం మంది ఆమె చేతుల్లో పుట్టినవాళ్ళే. ఆమె గుమ్మంలోంచే పొట్ట చూసి చప్పట్లు కొట్టింది.

"ఏటీ అవలేదు! వేవిళ్ళు! అచ్చియ్యప్పా, నీ కూతురు నీళ్ళోసుకుందే!"

విత్తనాల గది పిల్లి చూలుతో ఉంటే ఆ ఏడు గింజకి నూరు గింజలు అని ఆ ఊరి నమ్మకం. చుక్కి అంతవరకు ఒక్కసారి కూడా ఈనలేదు. ఇంకేముంది, అచ్చియ్యమ్మ కళ్ళు ఆనందంతో చెమ్మగిల్లాయి.

పెరట్లో జల్లెడ పడుతున్న తవిటమ్మ తల ఎత్తింది.

"అచ్చియ్యమ్మా, పిల్లి దొడ్డికెళ్ళిందా?"

ఆడవాళ్ళంతా పకపకా నవ్వారు. "బూడిద బుర్రకి అంతకన్నా ఏటి తోస్తాది" అన్నారు.

రెండో రోజు, చుక్కి పసుపుపచ్చగా కక్కింది. పోయి పెసర కుండల వెనకాల ముడుచుకుంది.

"చోటు ఎతుక్కుంటంది" అంది నూకాలు. "ఈనే పిల్లి అలాగే చీకటి మూల చూసుకుంటాది. ఇంకేటి చూస్తారు, సీమంతం చెయ్యండి!"

చేశారు. నిజంగానే చేశారు. చుక్కి మెడకి పసుపు దారం కట్టారు. నుదుటి చుక్క మీద కుంకుమ పెట్టారు. చలిమిడి ముద్ద ఒకటి, ఎండుచేప ముక్కలు మూడు ముందు పెట్టి పాట పాడారు. చుక్కి మొహం అటు తిప్పుకుంది.

తవిటమ్మ గుమ్మం బయట నిలబడి అడిగింది.

"అచ్చియ్యమ్మా, పిల్లి దొడ్డికెళ్ళిందా?"

అచ్చియ్యమ్మ ఏదో అనబోయింది. నూకాలు అననివ్వలేదు.

"శుభమా అని పిల్లకి పసుపు కుంకుమ పెడుతుంటే దొడ్డి మాటలేటే? పోయి నోరు కడుక్కో!"

మూడో రోజు, చుక్కి వెనక కాళ్ళ మీద కూర్చుని ముక్కింది. అరిచింది. మళ్ళీ ముక్కింది.

"నొప్పులు!" అంది నూకాలు. పాత చీర చింపించింది. నీళ్ళు కాచించింది. ఇల్లంతా ఆడవాళ్ళే.

గుమ్మం బయటనుంచి మళ్ళీ అదే గొంతు.

"అచ్చియ్యమ్మా, పిల్లి దొడ్డికెళ్ళిందా?"

ఈసారి అచ్చియ్యమ్మకి కోపం ముంచుకొచ్చింది. "నా బిడ్డ పురిటి నొప్పులు పడుతుంటే నీ ఏడుపేటే? కడుపు పండటం చూడలేవా? రేపటి నుంచి నా పెరట్లో కాలు పెట్టకు!"

తవిటమ్మ గంప తీసుకుందామని పెరట్లోకి వెళ్ళింది. అక్కడ వంగి చూసింది. గుంట చుట్టూ చిన్న చిన్న పాదాల గుర్తులు. ఒక చుట్టు కాదు, రెండు చుట్లు కాదు, లెక్కలేనన్ని చుట్లు. రేగుముల్లుకి చుక్కి బొచ్చు ఇంత పట్టుకుని ఉంది. ఒకచోట ముల్లు మీద ఎండిన రక్తపు బొట్టు.

తవిటమ్మ ఆ బొచ్చు ముల్లు నుంచి విడదీసి చేతిలోకి తీసుకుంది. దారి కోసం తిరిగింది ఈ పిల్లి. దారి మూసింది తనే.

ఆమె వెళ్ళిపోవచ్చు. కంప ఎవరు వేశారని ఎవరూ అడగరు. పొమ్మన్నది కూడా వాళ్ళే.

లోపల అదే వేళకి నూకాలు మొదటిసారి పిల్లి పొట్ట మీద చెయ్యి వేసింది. అంతవరకు చూడటమే కానీ తాకలేదు. నొక్కి చూసింది. మొహం పాలిపోయింది.

"పిల్లలు కావు" అంది నెమ్మదిగా. "గులకరాళ్ళలాగ తగులుతున్నాయి. పొట్ట డోలులాగ ఉంది."

ఎవరో అన్నారు, ఆముదం పోసేద్దాం అని. ఒకామె గిన్నె తెచ్చింది. ఇంకొకామె చుక్కి దవడలు పట్టుకుంది.

అప్పుడు తవిటమ్మ గడప దాటింది. పుట్టి బుద్ధెరిగాక ఆ ఊళ్ళో ఆమె దాటిన మొదటి పరాయి గడప అదే. బూడిద కాళ్ళతో, బూడిద చేతులతో నేరుగా వచ్చి ఆముదం గిన్నె పక్కకి తోసేసింది.

"పొయ్యకండి! గింజుకుంటే ఊపిరికి అడ్డం పడి చచ్చిపోద్ది. నన్ను తరవాత తిడుదురు గాని, ముందు ఇనండి. తప్పు నాది. గుంట మీద కంప ఏసింది నేను. ఈ పిల్లికి బూడిద తప్ప ఇంకో చోటు తెలీదు. దారి లేక బిగబట్టుకుంది. మీరు పెట్టిన ఉప్పుచేపలు లోపల రాయి కట్టేశాయి."

అందరూ నూకాలు వైపు చూశారు. నూకాలు తన చేతులు చూసుకుంది.

"ఈ చేతులతో ఊరందరినీ బయటికి తీశాను" అంది. "ఇది నా చేతిలో పని కాదు. చెప్పవే తవిటమ్మా, ఏటి చెయ్యమంటావు?"

"అచ్చియ్యమ్మ తప్ప అందరూ బయటికి నడవండి. ఇంతమంది మధ్యన మనకే రాదు."

తవిటమ్మ మూడు పనులు చెప్పింది.

ఒకటి, చప్పటి నీళ్ళు. పచ్చి చేప తలకాయ ఉప్పు లేకుండా ఉడికించి, ఆ నీళ్ళు గోరువెచ్చగా మూతి ముందు పెట్టింది. బలవంతం చెయ్యలేదు. వేలితో పెదవికి రాసింది. చుక్కి నాకింది. ఇంకొంచెం రాసింది. ఇంకొంచెం నాకింది.

రెండు, గుమ్మడికాయ. ఏమీ వెయ్యకుండా మెత్తగా ఉడికించి, చెంచాడు తీసి ఆ నీళ్ళలో కలిపింది.

మూడు, గోరువెచ్చటి తడిబట్ట. "పొట్ట మీద ఏసి తిరగలి తిప్పినట్టు నిమురమ్మా. నొక్కకు. నీ చెయ్యి దానికి తెలుసు, నా చెయ్యి తెలీదు" అంది.

అచ్చియ్యమ్మ నిమిరింది. కళ్ళనీళ్ళు తుడుచుకోవడానికి కూడా చెయ్యి తియ్యలేదు. "పిల్లలొద్దు, ఏమొద్దు. నువ్వుంటే చాలే తల్లీ, నువ్వుంటే చాలు" అని అదే మాట అంటూ కూర్చుంది.

తవిటమ్మ పెరట్లోకి పోయి రేగుకంప లాగేసింది. కర్ర కోసం కూడా చూడలేదు. మోచేతుల దాకా గీరుకుపోయింది. గుంటకి ఒక మూల మెత్తటి బూడిద కొత్తగా పరిచి, చేత్తో సర్ది వచ్చింది.

పొద్దు వాలుతుండగా చుక్కి లేచింది. ఒక అడుగు వేసింది. ఆగింది. ఇంకో అడుగు వేసింది.

"ఎత్తకండి" అంది తవిటమ్మ. "అదే పోద్ది. అందరూ అటు తిరగండి. సిగ్గుపడుద్ది."

పెరట్లో కాచుకుని ఉన్న ఆ ఊరి ఆడవాళ్ళంతా, మంత్రసానితో సహా, గోడవైపు తిరిగి నిలబడ్డారు. ఒకరూ ఊపిరి తియ్యలేదు. వెనకాల బూడిదలో గోళ్ళ చప్పుడు. తరువాత ఏమీ లేదు. చాలాసేపు ఏమీ లేదు. తరువాత చిన్న మూలుగు. ఆ తరువాత మళ్ళీ గోళ్ళ చప్పుడు, బూడిద కప్పుతున్న చప్పుడు.

నూకాలు ఉండబట్టలేకపోయింది. "ఎంతమందే?" అని గోడకేసి చూస్తూనే అడిగింది.

తవిటమ్మ పోయి పుల్లతో కదిపి చూసి వచ్చింది.

"ముగ్గురు" అంది. "తల్లి కులాసా."

ఆ నవ్వు గెడ్డ ఇవతలికి వినిపించిందట. అచ్చియ్యమ్మ మాత్రం నవ్వలేదు. తవిటమ్మ దగ్గరికి వచ్చి, గీరుకుపోయిన ఆ చేతులు రెండూ పట్టుకుంది. తన చేతులకీ బూడిద అయింది. కడుక్కోలేదు.

ఒక్కరోజుతో అయిపోలేదు. ఇంకో మూడు రోజులు చప్పటి నీళ్ళూ, చెంచాడు గుమ్మడీ పెట్టారు. ఎండుచేపలు మానేశారు. ఇంట్లో మూడు చోట్ల మూడు ముంతలతో నీళ్ళు పెట్టారు. పొట్ట తగ్గింది. నాలుగో రోజున చుక్కి ఎలకని పట్టి తెచ్చి తవిటమ్మ గంపలో పడేసింది. పిల్లలు మాత్రం పుట్టలేదు. ఆ ఏడు పంట కూడా మామూలుగానే పండింది. ఎక్కువ పండిందని చెబితే కథకి బాగుండును, కానీ అమ్మమ్మ అలా చెప్పలేదు.

ఆ తరువాత ప్రతి ఏడూ తవిటమ్మ గుంటకి మూడు మూలలే కంప కప్పి, నాలుగోది చుక్కికి వదిలేది. కొన్నేళ్ళకి తవిటమ్మ వానాకాలంలో జ్వరం వచ్చి పోయింది. ఆమె పోయిందని చాలా ఇళ్ళకి పొయ్యి చూశాకే తెలిసింది. బూడిద పేరుకుపోయి మంట రాజుకోలేదు. అయ్యో అన్నారు. ఆ అయ్యో రెండు రోజులు.

మళ్ళీ ఎండలు వచ్చాయి. గుంటకి కంప కప్పాలి. కప్పుతున్నవాళ్ళు నాలుగో మూలకి వచ్చేసరికి అచ్చియ్యమ్మ అరుగు మీదనుంచి కేకేసింది.

"ఆ మూల ఒగ్గేయండి. అది తవిటమ్మది."

అప్పటినుంచి ఆ పక్క ఊళ్ళలో విత్తనాల బూడిద పోగు చేసినప్పుడు ఒక మూల కప్పరు. అక్కడ ఒక ముంత నీళ్ళు పెడతారు. దాన్ని తవిటమ్మ మూల అంటారు. ఏ ఇంటి పిల్లయినా రావచ్చు. ఆ మూల బూడిద ఎవరూ ఎత్తరు.

ఇంకొకటి. అక్కడ ఎవరైనా మంచం పడితే, పిల్లి కానీ పసిపిల్ల కానీ, సీమంతపు పీట మీద కూర్చున్న కోడలు కానీ, ముసలమ్మలు నాడి చూడరు, దిష్టి తియ్యరు. ముందు "దొడ్డికెళ్ళావా?" అని అడుగుతారు. కొత్తగా వచ్చిన అల్లుళ్ళు నవ్వుతారు. ఆ ఊరివాళ్ళు నవ్వరు. అడిగినావిడ మొహం చూసి, ఉన్నదున్నట్టు జవాబు చెబుతారు.

వరహాలూ, ఈ కాగితాలు నీకే ఇస్తున్నాను, పేర్లు నువ్వొకసారి చూడమ్మా. మంత్రసాని నూకాలేనా, నరసాలా? నాకు రెండూ వినపడుతున్నాయి. అచ్చియ్యమ్మ అని రాశాను, మీ అమ్మని అడిగి ఖాయం చెయ్యి. తవిటమ్మ ఇంటిపేరు నాకు తెలియదు. అమ్మమ్మ చెప్పలేదు, నేను అడగలేదు. ఎవరికైనా తెలిసుంటుంది. మొదటిసారి ఆమె పేరు వచ్చిన చోట కొంచెం ఖాళీ వదిలాను. తెలిస్తే అక్కడ రాయి.