ఒండ్రయ్యది ఏ ఊరు?

ఒకప్పుడు సముద్రం అడుగున మట్టి ఏ ఊరని చెప్పుకుంటే అదే దాని ఊరు. నిజమో కాదో చూసేవాళ్లు లేరు. అందుకని చాలామంది మంచుకొండల నుంచే వచ్చామనేవారు.

అక్కడ చోట్లు చూపించే పని పీతదొరది. గొప్ప కొండ మట్టికి మిట్ట మీద మెత్తటి చోటు. మిగతావాళ్లను చీకటిలోయలోకి తోసేయడమే. "మట్టి మొహం చూస్తే చాలు, వంశం చెప్పేస్తాను" అనేవాడు.

ఒక ఏడు గోదావరి వరదకు ఒండ్రయ్య అనే మట్టిముద్ద, వాళ్లక్క రేగడమ్మ కొట్టుకొచ్చారు. ఇద్దరిదీ పడమటి నల్లరాతి గుట్ట. తమ్ముడు ఎక్కడ కరిగిపోతాడోనని రేగడమ్మ దారి పొడవునా వాణ్ణి పొదివి పట్టుకొచ్చింది.

"మాది మంచుకొండలండీ," అన్నాడు ఒండ్రయ్య, చలికి గజగజా వణుకుతూ. "మీ నీళ్లేంటి, ఇంత ఉక్కగా ఉన్నాయి?"

"చూడగానే అనుకున్నాను. ఆ కళే వేరు," అన్నాడు పీతదొర. "మరి ఈవిడ?"

రేగడమ్మ నవ్వుతూ ముందుకొచ్చింది. "నేను వీడి..."

"ఎవరో తెలీదండీ. దారిలో తగులుకుంది," అన్నాడు ఒండ్రయ్య.

రేగడమ్మ వాడి మొహంలోకి ఒకసారి చూసి, తనంతట తానే లోయలోకి దొర్లిపోయింది.

ఒండ్రయ్య మెత్తటి చోట రోజూ మంచుకొండల కబుర్లు చెప్పేవాడు. పక్కవాళ్లూ చెప్పేవారు. మంచు ఏ రంగులో ఉంటుందో మాత్రం ఏ ఇద్దరూ ఒకేలా చెప్పలేదు. కబుర్లయ్యాక వాడు లోయవైపు చూడలేక అటు తిరిగి పడుకునేవాడు.

ఒకనాడు పైన ఓడ మునిగింది. అందులోని పెద్ద సూదంటురాయి వచ్చి లోయ అంచున దిగింది.

"తమరెవరి తాలూకు?" అన్నాడు పీతదొర.

"నాకు తాలూకాలు తెలియవు. ఇనుముంటే లాగుతాను," అంది రాయి.

నల్లరాతి గుట్టల మట్టిలో నల్లటి ఇనుపరవ్వలు మెండు. మంచుకొండల మట్టిలో బాగా తక్కువ. ఒండ్రయ్యకు పొట్టలో ఏదో గుంజినట్టయింది. ఇసుకను పట్టుకు వేలాడాడు. లాభం లేకపోయింది. సర్రున జారి రాయికి అతుక్కున్నాడు. వాడి వెనకే మంచుకొండల పెద్దమనుషులు వరసగా వచ్చిపడ్డారు. మంచుకొండలదని పీతదొర గొప్పగా డిప్పకు పూసుకున్న మట్టి ఆయన్ని కూడా ఈడ్చుకొచ్చింది.

నిజంగా మంచుకొండల మట్టి మాత్రం కదల్లేదు. అది లోయలో ఉంది. గొప్పలు చెప్పుకోవడం రాలేదని పీతదొర ఎప్పుడో అక్కడికి తోసేశాడు.

లోయలోంచి రేగడమ్మ వచ్చి తమ్ముడి పక్కనే అతుక్కుంది.

"అక్కా, తప్పయిపోయింది," అన్నాడు ఒండ్రయ్య, తలెత్తకుండా.

"మాట్లాడకు. ముందు సరిగ్గా పట్టుకో," అంది రేగడమ్మ. కోపం ఇంకా పోలేదు. చెయ్యి మాత్రం వదల్లేదు.

అప్పటినుంచే సముద్రం అడుగు మట్టి ఏ కొండదో తెలుసుకోవాలనుకునేవాళ్లు దాని మాటలు నమ్మరు. అయస్కాంతం దగ్గరపెట్టి, దాని పొట్టలోని నల్లరవ్వలనే అడుగుతారు. వాటికి ఈనాటికీ అబద్ధమాడటం రాదు.