గాజు తొట్టి, ఒరిగిన బల్ల

వెదురుగుట్టల కోన చాలా పెద్ద అడవి. అందులో కొండముచ్చులు, ముళ్లపందులు, దుప్పులు, కుందేళ్లు ఉండేవి. నల్లప్ప అనే ఎలుగుబంటి ఉండేవాడు. చేప మాత్రం ఒకే ఒక్కటి ఉండేది. కొండ మీద అడవిలో చేపేమిటి అంటారా? అక్కడికే వస్తున్నా, కాస్త ఓపిక పట్టండి.

ఆ చేప పేరు చుక్కి. అది కొర్రమీను. దాని పుట్టిల్లు కొండ కింద పారే పెద్దేరు. వానాకాలంలో వాగు పొంగినప్పుడు తోటి చేపలతో పాటు ఎదురీదుతూ సరదాగా కోనలోకి వచ్చింది. వరద తీసింది. మిగతా చేపలు దిగిపోయాయి. చుక్కి ఒక మడుగులో ఉండిపోయింది.

నల్లప్ప రోజూ ఆ మడుగు దగ్గరికి నీళ్లు తాగడానికి వచ్చేవాడు. వాడికి నా అనేవాళ్లు లేరు. చుక్కి వాడికి పెద్దేటి కబుర్లు చెప్పేది. అక్కడ నీళ్లకు అవతలి ఒడ్డు కనపడదట. ఒడ్డున జమ్ముగడ్డి వేళ్ల మధ్య దాని అక్క నిద్రపోతుందట. నల్లప్ప మూతి నీళ్లకు ఆనించి వినేవాడు. కొన్నాళ్లకు వాడు దాహం లేకపోయినా రావడం మొదలుపెట్టాడు.

ఎండాకాలం వచ్చింది. మడుగు ఎండి బురదగుంట అయింది. ఇంకో వారం పోతే ఆ బురద కూడా గట్టిపడేలా ఉంది.

"అన్నా, నేను వాన చూస్తానా?" అని అడిగింది చుక్కి.

"చూస్తావు. నేను చూపిస్తాను" అన్నాడు నల్లప్ప. పెద్దేరు చాలా దూరం, ఆ ఎండలో అక్కడిదాకా మోసుకెళ్తే చేప దారిలోనే పోతుంది.

కొండ మీద మనుషులు వదిలేసిన పాత బంగళా ఒకటి ఉంది. దాని హాల్లో పెద్ద గాజు తొట్టి ఉంది. నల్లప్ప పడుకుంటే ఎంత పొడవో అంత పొడవు. ఒకప్పుడు అందులో రంగు చేపలు పెంచేవారట. బంగళా వెనక బండ సందులోంచి సన్నగా ఊటనీరు కారుతుంటుంది. నల్లప్ప తొట్టి దుమ్ము కడిగాడు. బొక్కెనతో ఊటనీరు పట్టిపట్టి నాలుగు రోజులకు తొట్టి నింపాడు. ఐదో రోజు చుక్కిని తెచ్చి అందులో వదిలాడు.

బంగళా గచ్చు కింద సూదవ్వ అనే ముసలి ముళ్లపంది కాపురం ఉండేది. తొట్టి ఎక్కడ పెట్టాలో చెప్పింది అదే. "ఈ మూల నేల గట్టిది, సమంగా ఉంది. తొట్టి అడుగంతా నేలకు ఆనాలి. ఇక్కడే ఉంచు, కదపకు" అంది. నల్లప్ప అలాగే చేశాడు.

చుక్కికి ప్రాణభయం తీరింది. కానీ తిండి సహించలేదు. తొట్టిలో ఒక మూలకు ఒదిగి ఉండేది.

"ఏమైంది చుక్కీ?"

"ఇక్కడి నుంచి గోడ తప్ప ఏమీ కనపడదన్నా. కొండ మీదున్నాం కదా. ఇక్కడ ఎక్కడినుంచైనా పెద్దేరు కనపడుతుందా?"

పాపం, నల్లప్ప చూపు మందం. పది బారల అవతల ఏముందో వాడికి తెలియదు. కొండముచ్చులను అడిగాడు. వరండా చివరి నుంచి కనపడుతుందని అవి చెప్పాయి. అంతే, వాడు ఆగలేదు. చుక్కిని బొక్కెనలో ఉంచాడు. తొట్టి నీళ్లు పారబోశాడు. తొట్టిని వరండా చివరికి ఈడ్చాడు. అక్కడ పిట్టగోడ అడ్డం. తొట్టి దాని కంటే ఎత్తున ఉంటే గానీ ఏరు కనపడదు. అందుకని ఒక పాత చెక్క బల్ల తెచ్చి వేశాడు. బల్ల మూడు కాళ్లు రాతి గచ్చు మీద ఆనాయి. నాలుగో కాలి దగ్గర గచ్చు పెచ్చులూడి మట్టి తేలింది. ఆ కాలు మట్టిలో నిలబడింది.

సూదవ్వ బయటికి వచ్చి చూసింది. బల్ల చుట్టూ ఒకసారి తిరిగింది.

"నాయనా, ఇది కాగితాలు పెట్టుకునే బల్ల. తొట్టి నిండితే ముగ్గురు నల్లప్పల బరువు ఉంటుంది. పైగా ఆ కాలు మట్టిలో ఉంది."

"నేను ఎక్కి కూర్చుని చూశానవ్వా. కిర్రుమనలేదు."

"నువ్వు కూర్చుంటావు, దిగిపోతావు. నీళ్లు దిగవురా. రేయింబవళ్లు కూర్చునే ఉంటాయి."

"ముసలితనం వచ్చాక అందరికీ భయాలే" అని నవ్వేశాడు నల్లప్ప. ఈసారి కొండముచ్చులు కూడా సాయం పట్టాయి. ఒక్క పూటలో తొట్టి నిండింది.

చుక్కి గాజుకు మూతి ఆనించి చూసింది. దూరంగా, ఎండలో, దారప్పోగంత మెరుపు. అదే పెద్దేరు. చుక్కి చాలాసేపు కదల్లేదు. తర్వాత తొట్టి ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ఈదింది. ఆ రోజు కడుపునిండా తింది. నల్లప్పకు ఆ మెరుపు కనపడలేదు గానీ చుక్కి ముఖం కనపడింది. వాడికి అది చాలు.

ఇక చూడండి వాడి గొప్పలు. సాయంత్రమయ్యేసరికి అడవంతా వరండా ముందు చేరేది. "నల్లప్ప కట్టిన గాజు చెరువు" అని దుప్పులు చెప్పుకునేవి. వాడు బల్ల పక్కన నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడేవాడు.

ఏడో రోజు తొట్టి మూలలో చెమ్మ కనపడింది. మర్నాడు అది చుక్కలుగా కారింది. నల్లప్ప తేనెపట్టు మైనం తెచ్చి బయటి నుంచి దట్టంగా మెత్తాడు. కారడం ఆగింది. తొమ్మిదో రోజు ఇంకో మూల కారింది. అక్కడా మెత్తాడు.

సూదవ్వకు ఒళ్లు మండింది. "నీళ్లు కారేది పైన, తప్పు ఉన్నది కింద. ఆ కాలు మట్టిలోకి వేలెడు దిగింది. బల్ల ఒరిగింది, దానితో తొట్టి మెలిపడి అతుకు విడిపోతోంది. నీళ్లు తీసెయ్. తొట్టిని నేలకు దించు. ఆరాక లోపలి నుంచి మైనం పట్టించు. బయట ఎంత మెత్తినా లాభం లేదు."

నల్లప్ప కింద చూశాడు. నిజమే, కాలు దిగింది. ఆ సంగతి వాడికీ అర్థమైంది. కానీ సాయంత్రం అడవంతా వస్తుంది. ఖాళీ తొట్టి చూసి ఏమనుకుంటారు? వాడు చుక్కి వైపు తిరిగాడు.

"కిందికి దించమంటావా?"

"వద్దన్నా. ఇవాళ ఏటి మీద మబ్బు లాంటిది ఉంది. ఇంకొక్క రోజు చూడనీ."

"విన్నావా అవ్వా, తనే వద్దంటోంది" అన్నాడు నల్లప్ప. తన తప్పు ఒప్పుకోవలసిన పని తప్పిందని వాడికి లోపల హాయిగా ఉంది.

సూదవ్వ వెనుదిరిగింది. బంగళా వెనక్కి వెళ్లి ఊట కింద గొయ్యి తవ్వడం మొదలుపెట్టింది. వంటింట్లో నీళ్లు నింపుకునే మట్టి గాబును దొర్లించుకొచ్చి ఆ గోతిలో దించింది. చుట్టూ మట్టి కూరి, కాళ్లతో తొక్కి గట్టిపరిచింది. కారే ఊట కారినట్టే గాబులో పడుతోంది.

పదకొండో రోజు మిట్టమధ్యాహ్నం బల్ల కాలు ఒక్కసారిగా దిగబడింది. తొట్టి జారింది. నల్లప్ప రెండు చేతులా పట్టుకోబోయాడు. నీళ్ల బరువు వాడిని పక్కకు నెట్టేసింది. గాజు భళ్లున పగిలి వాడి కుడి అరచేయి చీలిపోయింది. నీళ్లన్నీ కొండ దిగువకు పరుగెత్తాయి. చుక్కి కాలిపోతున్న గచ్చు మీద గిలగిల కొట్టుకుంటోంది.

"ఎడమ చేత్తో ఎత్తు. వెనక్కి రా" అంది సూదవ్వ.

గాబు సగం నిండి ఉంది. చుక్కిని అందులో వదిలారు. చుక్కి బతికింది.

కానీ ఆ గాబు లోపల చీకటి. ఒక మలుపు తిరిగితే గోడ తగులుతుంది. పైన గుండ్రటి ఆకాశం ముక్క తప్ప ఏమీ లేదు. ఏరు లేదు. నల్లప్ప గాబు పక్కన కూర్చుని లోపలికి తొంగిచూసేవాడు. వాడి చూపుకు అంతా నలుపే. చుక్కి గొంతు మాత్రం వినపడేది.

"అన్నా, ఇవాళ ఏరు ఎలా ఉంది?"

చీలిన చెయ్యి నేలకు ఆనించలేక నల్లప్ప కుంటుకుంటూ వెళ్లి చెట్టు మీది కొండముచ్చును అడిగేవాడు. మళ్లీ కుంటుకుంటూ వచ్చి చెప్పేవాడు. "సన్నగా ఉందట. ఇసుక బయటపడిందట." రోజూ ఇదే. ఒక్కో రోజు చుక్కి ఏమీ అడిగేది కాదు. ఆ రోజు కూడా వాడు వెళ్లి కనుక్కుని వచ్చేవాడు. అలా నలభై రోజులు గడిచాయి.

వాన వచ్చింది. వాగు పారింది. నల్లప్ప చుక్కిని బొక్కెనలోకి తీసుకుని, బాగున్న చేత్తో పట్టుకుని, సూదవ్వ దారి చూపగా మెల్లగా కొండ దిగాడు. వాగులోకి బొక్కెన వంచాడు.

"అక్కకు నీ గురించి చెప్తానన్నా" అంది చుక్కి.

"చెప్పు" అన్నాడు నల్లప్ప.

ఎర్రటి నీళ్లలో అది ఒక్క మెలిక తిరిగి వెళ్లిపోయింది. నల్లప్ప సాయంత్రం దాకా ఒడ్డునే కూర్చున్నాడు.

ఆ తర్వాత కోనలో ఎవరు ఇల్లు కట్టుకున్నా, బొరియ తవ్వుకున్నా ముందు సూదవ్వను పిలిచి నేల చూపించుకునేవారు. దానికి దుంపలకు లోటు లేకుండా పోయింది. నల్లప్ప చేతి గాయం మానింది గానీ వేళ్లు పూర్తిగా ముడుచుకోలేదు.

ఒకనాడు వాడు సూదవ్వతో అన్నాడు: "అవ్వా, ఆ తొట్టిని నువ్వు చెప్పిన చోటే ఉంచి ఉంటే, ఆ నలభై రోజులూ నేను తన ముఖం చూసేవాణ్ణి."

సూదవ్వ తవ్వుతున్న దుంపను వదిలేసింది. వచ్చి పక్కన కూర్చుంది.

నీతి: ప్రాణంగా చూసుకునేదాన్ని అందరికీ కనపడేంత ఎత్తున కాదు, గట్టి నేల మీద నిలబెట్టాలి, పైన కారేది పూడ్చేముందు కింద ఒరిగినదాన్ని సరిచేయాలి.