బూడిద చల్లని మడి

తారకస్వామి తన ఆశ్రమంలో పొయ్యి బూడిదను పారబోయనిచ్చేవారు కాదు. ఏడాదిలో సగానికి పైగా మంచు కప్పుకుని ఉండే ఒక హిమాలయపు లోయలో ఆ ఆశ్రమం. చలికాలమంతా బూడిదను గంపలకెత్తి దాచి, ఎండ కాస్త మొహం చూపించగానే పెరటి మడిలో పేరుకున్న మంచు మీద పలచగా చల్లించేవారు. తెల్లటి మంచుకు ఎండ ఓ పట్టాన ఎక్కదు. నల్లబడితే వేడి పట్టి తొందరగా కరుగుతుంది. అక్కడికి వసంతం చుట్టపుచూపుగా వచ్చిపోతుంది. ఆ కాస్త వ్యవధిలో బంగాళాదుంప నేలలో పడితే పడినట్టు, లేకపోతే ఆ ఏటికి అంతే.

ఒక ఏడు, దారి తెరుచుకోగానే పాలకొండ వైపు నుంచి వచ్చిన యాత్రికుడొకడు రామజోగి అనే శిష్యుడికి అతని ఊరి కబురు తెచ్చాడు.

"మీ అన్న మంచం పట్టీసినాడు బాబూ. గంజి తప్ప గొంతు దిగట్లేదు. తమ్ముడ్ని ఒక్కసారొచ్చి కనపడి పొమ్మని చెప్పమన్నాడు."

ఆ అన్నకు పెళ్లాం పిల్లలు లేరు. తమ్ముడొక్కడే తోడబుట్టినవాడు. కాని తండ్రి పోయినప్పుడు, రామజోగి రైలు దిగి ఊరు చేరేలోగానే ఆ అన్న తండ్రి చితికి నిప్పు పెట్టేశాడు. తండ్రి ఆఖరి చూపు దక్కనివ్వలేదన్న కోపంతోనే రామజోగి ఇల్లు విడిచి కొండలెక్కాడు. కబురు విన్నాక అతనికి జాలి కలిగింది. జాలి వెనకే పాత మంటా లేచింది. తిన్నగా స్వామి దగ్గరికి వెళ్లాడు.

"స్వామీ, ఇంత విషం లోపల పెట్టుకుని వెళ్లి అతని మంచం పక్కన కూర్చోవడం కపటం కాదా? ఈ కోపం దానంతటది కరిగాక, నిర్మలమైన మనసుతో వెళ్తాను. అదే ధర్మం కదా?"

చదువుకున్నవాడికి వాయిదా వెయ్యడానికి కూడా ధర్మసూక్ష్మం దొరుకుతుంది. స్వామి బూడిద గంప తెచ్చి అతని ముందు పెట్టారు.

"ఈ ఏడు మడి పని నీది," అని లోపలికి వెళ్లిపోయారు.

రామజోగి గంప ఎత్తుకుని పెరట్లోకి వెళ్లాడు. మోకాలి లోతు మంచు, మచ్చ లేకుండా మెరుస్తోంది. దాని మీద మురికి పొయ్యి బూడిద పొయ్యడానికి అతనికి చెయ్యి రాలేదు. చల్లితే నల్లటి బురదవుతుంది, ఆగితే స్వచ్ఛమైన నీరవుతుంది, ఇందులో తొందరేముంది అనుకున్నాడు. లోయలో అందరి మడులూ నల్లబడి, కరిగి, దున్నుడు పూర్తయ్యేదాకా అతను ఆగాడు. అతని మడిలో మంచు చివరికి కరిగింది. నీళ్లు నిజంగానే అద్దంలా ఉన్నాయి. అప్పుడు దుంపలు నాటాడు.

ఆకు ఏపుగా పెరిగింది. ఆ వేసవిలోనే, మొక్కలకు మన్ను ఎగదోస్తూ ఉండగా, అన్న చిన్నప్పుడు తనను భుజాన ఎక్కించుకుని నాగావళి ఏరు దాటించిన సంగతి గుర్తుకొచ్చి రామజోగి మడిలో కూర్చుని ఏడ్చాడు. కోపం ఎప్పుడు పోయిందో అతనికే తెలియదు. పంట తీసి బయలుదేరదామనుకున్నాడు. చుట్టూ అందరూ పంట తీసేసుకున్నారు, అతని మడి మాత్రం పువ్వు విడుస్తూ ఉండగానే తొలి మంచు కాటేసి ఆకంతా రాత్రికి రాత్రే మాడిపోయింది. మర్నాడు తవ్వితే గోలీకాయలంత దుంపలు గంప అడుగైనా నిండలేదు.

మూట కట్టుకుంటూ ఉండగా, ఆ ఏటికి చివరిసారిగా ఉప్పు తెచ్చిన కంచరగాడిదలవాడు కింద యాత్రికులు చెప్పిన మాట మోసుకొచ్చాడు. అన్న ఆషాఢంలో పోయాడు. పోయేదాకా వీధి గుమ్మం వైపే చూశాడట. తమ్ముడొస్తాడో రాడో తెలియక ఊరివాళ్లే దహనం చేశారట.

రామజోగి స్వామి కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

"ఇప్పుడు నాలో ఇసుమంత కోపం కూడా లేదు స్వామీ!"

స్వామి అతని తల మీద చెయ్యి వేసి చాలాసేపు ఉంచారు. ఆయన కళ్లూ తడిగానే ఉన్నాయి.

"లే నాయనా. స్నానం చేసి మీ అన్నకు పిండం పెట్టు."

"బియ్యం నిండుకున్నాయి స్వామీ. దేంతో పెట్టను?"

స్వామి దుంపల గంప అతని ముందుకు జరిపారు.

"నీ పంటతోనే పెట్టు."